పది దాటితే నీడకు



దోహా నుంచి దుఖాన్ రోడ్డు పట్టుకుని పడమరగా వస్తే ముప్పై కిలోమీటర్ల దరిదాపుల్లో మా అల్ షహానియా. ఒంటె పందేలకు పేరుపడ్డ ఊరు. చలికాలం పొద్దున్నే ట్రాకు దగ్గరికి వెళ్తే, పరిగెత్తే ఒంటెల వీపుల మీద చిన్న చిన్న రోబోలు కొరడా ఝళిపిస్తూ కనిపిస్తాయి. పక్క రోడ్డు మీద యజమానుల కార్లు వాటితో సమానంగా దుమ్ము రేపుకుంటూ పోతుంటాయి. రిమోటు ఆ కార్లలోనే ఉంటుంది. ఒకప్పుడు ఆ వీపుల మీద పసిపిల్లలు ఉండేవారు. 2005లో దాన్ని నిషేధించాక వాళ్ళ చోట ఈ యంత్రాలు వచ్చాయి. జూన్ వచ్చేసరికి ఈ సందడంతా సద్దుమణుగుతుంది. దోహాలో ఉన్నవాళ్ళకు సముద్రపు ఉక్కపోత, మాకు ఎడారి వడగాలి. ఏది నయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాం.

మా వారు ఒక నిర్మాణ సంస్థలో సైట్ ఇంజనీరు. నేను ఇంట్లోనే పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఇక్కడి వేసవికి ఒక నిబంధన ఉంది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, పొద్దున్న పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదు. 2007లో మొదలైందిది. 2021లో వేళలూ పెంచారు, రోజులూ పెంచారు. అందుకని ఎండాకాలం మా ఇంట్లో తెల్లవారుజామున మూడున్నరకే పొయ్యి వెలుగుతుంది, పదింటికల్లా మనుషులు నీడకు చేరతారు. ఈ పద్ధతినే మేమిద్దరం రోముకు, నేపుల్స్‌కు, స్పెయిన్‌కు పట్టుకుపోయాం. వేసవి సెలవుల్లో దక్షిణ యూరప్ నగరాలు చూడాలనుకునే దంపతులకు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదొక్కటే. ఎండ విషయంలో ఖతార్ మనకు నేర్పిన పాఠాన్ని విమానం ఎక్కగానే మరిచిపోకండి.

అసలు బయల్దేరడమే పెద్ద కథ. గల్ఫ్‌లో ఉన్నవాడికి సెలవంటే ఊరే. ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం ఐదేళ్ళలోపు సర్వీసుంటే ఏడాదికి మూడు వారాలు, ఐదేళ్ళు దాటితే నాలుగు వారాలు సెలవు. ఆ నాలుగు వారాల్లో ఒక పెళ్ళి, రెండు గృహప్రవేశాలు, పొలం గట్టు తగాదా, బ్యాంకు లాకరు, అమ్మకు కంటి పరీక్ష, అన్నీ ఇమడాలి. టాంగు డబ్బాలు, పాలపొడి, బామ్ సీసాలు కుక్కిన అట్టపెట్టెలు తాళ్ళతో బిగించుకుని దిగుతాం, ఆవకాయ జాడీలు మోసుకుంటూ తిరిగొస్తాం. ఇందులో భార్యాభర్తలు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునే పూట ఎక్కడిది? మన పెద్దవాళ్ళకు ఇద్దరూ కలిసి చేసే ప్రయాణమంటే పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాక కాశీ, రామేశ్వరం. అప్పటికి ఒకరికి మోకాళ్ళు పట్టేసి ఉంటాయి.

సెలవులో సగం ఊరికి, సగం మాకు అని ఫోనులో చెప్పినప్పుడు మా అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగారు, "యూరపులో మనకెవరున్నారమ్మా?" అని. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఎవరూ లేకపోవడమే మాకు కావలసిందని ఆవిడతో ఎలా అంటాను? "గుళ్ళూ గోపురాలూ చూసొస్తాం అత్తయ్యా" అన్నాను. అబద్ధమేమీ కాదు, చూసినవాటిలో సగానికి పైగా అవే.

ఇక వీసా. షెంజెన్ వీసాకు ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టుకోవాలి. మాకు అది ఇటలీ. పెద్దవాళ్ళకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా, కంపెనీ ఇచ్చే ఎన్‌వోసీ, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటలు బుకింగులు, ఖతార్ ఐడీ అన్నీ కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. వేసవి దగ్గరపడే కొద్దీ అపాయింట్‌మెంటు దొరకడం గగనమవుతుంది కాబట్టి సంక్రాంతి నాటికే కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టండి.

సామాను సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బయటి దేశాల నుంచి మాంసంతో, పాలతో చేసిన తినుబండారాలు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్ళకూడదు. కాబట్టి చికెన్ పచ్చడి, పాలకోవా, నెయ్యి ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకు రెబ్బ కూడా కుదరదు, మొక్కలకు, ఆకులకు, పండ్లకు ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. అది అక్కర్లేని పండ్లు ఐదే ఉన్నాయి. అనాస, కొబ్బరికాయ, డూరియన్, అరటి, ఖర్జూరం. వాటిలో ఖర్జూరం మన ఊళ్ళోనే దొరుకుతుంది. మేము రెండు డబ్బాలు పట్టుకెళ్ళాం, దారి పొడుగునా అవే కాపాడాయి.

యూరప్ అంటే మన సినిమా పాటల్లో మంచు. దక్షిణ యూరప్‌లో జూలై అలా ఉండదు. 2021 ఆగస్టు 11న ఇటలీలోని సిసిలీలో 48.8 డిగ్రీలు నమోదైంది. యూరప్ ఖండానికే అది రికార్డని ప్రపంచ వాతావరణ సంస్థ తరవాత ఖరారు చేసింది. ఆ మూడు రోజులకే స్పెయిన్‌లో కోర్డోబా దగ్గర లా రాంబ్లాలో 47.6. ఖతార్ రికార్డు, 2010 జూలైలో దోహాలో నమోదైంది, 50.4. తేడా ఎంతో మీరే చూడండి. పైగా ఇక్కడ ఇంట్లో, కారులో, మాల్‌లో ఏసీ ఉంటుంది. అక్కడ చాలా ఇళ్ళలో ఉండదు. హోటలు బుక్ చేసేటప్పుడు ఫలహారం ఉందా అని తరవాత చూసుకోవచ్చు, ముందు గదిలో ఏసీ ఉందా అని చూసుకోండి. ఏథెన్స్ వెళ్ళాలని ఆయనకు బాగా ఉండేది. కానీ వడగాడ్పులప్పుడు అక్రోపోలిస్ కొండను మధ్యాహ్నం పూట మూసేస్తున్నారు, 2023లోనూ మూశారు, 2024లోనూ మూశారు. అందుకని ఆ ఊరు అక్టోబరుకు వాయిదా వేసుకున్నాం.

రోములో మా దినచర్య షహానియా దినచర్యే. ఐదున్నరకు లేచి ఆరింటికి వీధిలో ఉండేవాళ్ళం. ఆ వేళకు ట్రెవీ ఫౌంటెన్ దగ్గర చీపుర్లతో ఊడ్చేవాళ్ళు, పెళ్ళి ఫొటోలు తీయించుకునే ఒకటి రెండు జంటలు తప్ప జనం ఉండరు. పదకొండింటికి అక్కడ కాలు పెట్టే చోటు ఉండదు. ఆ ఫౌంటెన్ పూర్తయింది 1762లో. అందులోకి నీళ్ళు తెచ్చే కాలువ మాత్రం క్రీస్తు పూర్వం 19లో అగ్రిప్పా తవ్వించింది. మధ్యలో ఎన్ని మరమ్మతులు జరిగినా ఇప్పటికీ పారుతూనే ఉంది. నీళ్ళ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను, రోములో సీసా కొనకండి. వీధి వీధికీ పోతపోసిన ఇనుప కుళాయిలు ఉంటాయి. నాసోని అంటారు, 2,500 దాకా ఉన్నాయి. రాత్రీ పగలూ చల్లటి నీళ్ళు కారుతూనే ఉంటాయి. వంగిన గొట్టానికి పైభాగాన సన్నటి బెజ్జం ఉంటుంది. కింద మూతిని వేలితో మూస్తే ఆ బెజ్జంలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, వంగకుండా నోటితో పట్టుకోవచ్చు. ఒక ముసలాయన మాకు చేసి చూపించాడు. ఆ తరవాత కనిపించిన ప్రతి కుళాయి దగ్గరా మా వారు ఆగడమే!

పాంథియన్ దగ్గర ఆయన ఇంకా ఎక్కువసేపు ఆగారు. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, అంటే సుమారు 1,900 ఏళ్ళ కిందట కట్టిన గుండ్రటి గుడి. తరవాత చర్చి అయింది. లోపలి అడ్డుకొలత 43 మీటర్లకు పైన, ఎత్తు కూడా అంతే. నడినెత్తిన తొమ్మిది మీటర్ల వెడల్పున కంత, దానికి మూతేమీ లేదు. వాన పడితే లోపల పడుతుంది, నేలలో ఉన్న చిన్న చిన్న రంధ్రాల్లోంచి పోతుంది. నేను ఆ కంతలోంచి పడే వెలుతురు గోడ మీద జరగడం చూస్తున్నాను. ఆయన మెడ వెనక్కి వాల్చి, "దీంట్లో ఒక్క కమ్మీ కూడా లేదు, తెలుసా? ఉత్త కాంక్రీటు" అన్నారు. పైకి పోయే కొద్దీ తేలికైన రాయి కలిపారట, మందం తగ్గించుకుంటూ పోయారట. "ఏమండీ, సెలవు పెట్టింది సైటు చూడ్డానికా?" అన్నాను. "ఇంత మంచి సైటు నాకు మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది చెప్పు" అన్నారు.

వాటికన్‌లో మాత్రం తెలుగు గుర్తొచ్చింది. 2022 ఆగస్టు 27న అక్కడే హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. కర్నూలు ప్రాంతంలో పుట్టినవారు, తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటివారు. 2025 మేలో కొత్త పోప్‌ను ఎన్నుకోవడానికి సిస్టీన్ చాపెల్ తలుపులు మూసుకున్నప్పుడు లోపల ఉన్నవాళ్ళలో ఆయన ఒకరు. కప్పు మీది బొమ్మల కోసం తలలెత్తి నిలబడ్డ జనంలో ఈ మాట మా వారి చెవిలో చెబితే, పక్కనున్న కాపలాదారు నిశ్శబ్దమని కసిరాడు.

పది దాటగానే గదికి వెళ్ళిపోయేవాళ్ళం. కిటికీల చెక్క తలుపులు మూసుకుని, చన్నీళ్ళు పోసుకుని, పెరుగన్నం తిని పడుకోవడం. డబ్బు పోసి యూరప్ వచ్చి పగటి నిద్రలా అని మీకు అనిపించవచ్చు. మాకు ఈ యాత్రలో మిగిలిన గొప్ప భాగం ఆ మధ్యాహ్నాలే. ఇంటి దగ్గర మూడున్నరకు లేచి రాత్రి ఎనిమిదికి కళ్ళు మూతలు పడే మనిషితో ఏం మాట్లాడతాం? గ్యాసు బండ వచ్చిందా, ఊరికి డబ్బు పంపామా, అంతే. ఆ చీకటి గదుల్లో ఇద్దరం ఏళ్ళ తరబడి వాయిదా వేసిన మాటలు బయటికి తీశాం. ఎన్నాళ్ళుంటాం ఇక్కడ, వెనక్కి పోతే కాకినాడా హైదరాబాదా, వాళ్ళ నాన్నగారి పొలం అమ్మడం నాకు ఎందుకు ఇష్టం లేదు. ఒకసారి గట్టిగానే పోట్లాడుకున్నాం కూడా. సాయంత్రం ఐదింటికి మళ్ళీ వీధిలోకి వెళ్ళేసరికి ఇద్దరికీ ఆకలేసింది, పోట్లాట అక్కడే ఆగింది.

మధ్యాహ్నం రెండింటికి ఒకరోజు మందు బిళ్ళల కోసం బయటికి రావలసి వచ్చింది. కొలోసియం దగ్గర్లో బంగ్లాదేశ్ కుర్రాడొకడు ఐసు డబ్బా ముందు పెట్టుకుని నీళ్ళ సీసాలు అమ్ముతున్నాడు. తల మీద గొడుగు లేదు. మా వారు అలవాటు కొద్దీ టైము చూసుకున్నారు. "మా దగ్గరైతే ఈ వేళకు ఆపేయాలి" అని హిందీలో అంటే అతను నవ్వి, "సొంత దుకాణానికి ఎవరు ఆపుతారు సాబ్" అన్నాడు. 2025 వేసవిలో రోము ఉన్న లాజియోతో సహా ఇటలీలో చాలా ప్రాంతాలు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగింటి దాకా పొలాల్లో, కట్టడాల దగ్గర ఎండ పని ఆపాలని ఉత్తర్వులు ఇచ్చాయి. గల్ఫ్ నిబంధన మధ్యధరా సముద్రం దాటిందన్నమాట. సొంతంగా అమ్ముకునే ఆ కుర్రాడికి మాత్రం ఏ ఉత్తర్వూ వర్తించదు.

నేపుల్స్‌కు రోము నుంచి రైల్లో గంటంబావు. అందరూ పాంపే వెళ్తారు, మేమూ వెళ్ళాం. రాతి వీధుల్లో బండి చక్రాలు అరగదీసిన గాడులు ఇప్పటికీ కాలికి తగులుతాయి. కానీ నేను మీకు చెప్పాలనుకున్నది పాంపే గురించి కాదు, అక్కడ దొరికి నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో నిలబడ్డ ఒక బొమ్మ గురించి. 1938లో తవ్వకాల్లో బయటపడింది. దంతపు బొమ్మ, జానెడు కంటే కొంచెం ఎత్తు. పాంపే లక్ష్మి అని పేరు పెట్టారు, యక్షిణి అనేవాళ్ళూ ఉన్నారు. దాన్ని ఉంచింది శృంగార శిల్పాలు దాచిపెట్టిన రహస్య గదిలో. ఆ గది మామూలు జనానికి తెరిచింది 2000లోనే. అద్దానికి ముక్కు ఆనించి చూశాను. ఒక కాలి మీద కాలు మెలిపెట్టి నిలుచుంది. ముంజేతి నిండా మోచేతి దాకా గాజులు, కాళ్ళకు బరువైన అందెలు, మెడలో పేటల హారాలు, నడుముకు వడ్డాణం. పక్కన చెరోవైపు నడుము దాకా వచ్చే పిల్ల చెలికత్తెలు. నడినెత్తిన గుండ్రటి రంధ్రం. ఏ బల్లకో పీఠానికో కోడుగా వాడి ఉంటారంటారు పండితులు. ఇలాంటి దంతపు బొమ్మలే మహారాష్ట్రలో తేర్, భోకర్దన్ తవ్వకాల్లో దొరికాయి. అదంతా ఆనాడు సాతవాహనుల సీమ.

క్రీస్తు శకం 79లో వెసూవియస్ పేలి పాంపే బూడిద కింద పడేసరికే ఆ బొమ్మ అక్కడ ఉంది. భారతదేశపు సరుకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్సుల రోమన్ సొమ్ము తరలిపోతోందని వాపోయిన పెద్ద ప్లినీ కూడా ఆ పేలుడులోనే చనిపోయాడు. ఆ సొమ్ములో కొంత ఎక్కడికి పోయిందో మనకు తెలుసు. నాగార్జునకొండలోనూ నల్గొండ జిల్లాలోనూ రోమన్ నాణేలు దొరికాయి. మ్యూజియంలో ఆ రహస్య గదిలోకి వచ్చినవాళ్ళంతా గోడల మీది బొమ్మలు చూసి ముసిముసిగా నవ్వుకుంటూ పోతున్నారు. ఈమె దగ్గర ఎవరూ ఆగడం లేదు. యూరపులో మనకెవరున్నారని అడిగిన అత్తగారికి ఆ సాయంత్రం ఫోను చేసి, ఒకావిడ ఉందని చెప్పాను.

ఫ్లోరెన్సు, వెనిస్ గురించి ఎక్కువ చెప్పను. మీరు ఫొటోల్లో చూసినవే. వెనిస్‌లో రద్దీ రోజుల్లో, పగలొచ్చి పగలే పోయే వాళ్ళ దగ్గర 2024 నుంచి ప్రవేశ రుసుము వసూలు చేస్తున్నారు. రాత్రి అక్కడే బస చేసేవాళ్ళకు అది పడదు. పీసాకు వెళ్ళలేదు. వంగిన గోపురం కోసం అంత దూరం ఎందుకు? మా షహానియాలో షేక్ ఫైసల్ మ్యూజియం ఆవరణలో మసీదు మినారును కావాలనే వంచి కట్టారు. పీసా వాళ్ళది 1173లో మొదలుపెట్టిన కట్టడం, నేల మెత్తనై దానంతటదే ఒరిగింది. ఈ తేడా మా వారికి మహా ఇష్టం.

స్పెయిన్‌లో సెవిల్. వేసవిలో అక్కడ బజారు వీధుల మీద మేడ నుంచి మేడకు గుడ్డ పందిళ్ళు వేస్తారు. మధ్యాహ్నం చాలా దుకాణాలకు తాళాలు పడతాయి. జూలైలో సూర్యాస్తమయమే తొమ్మిదిన్నర దాటాక, భోజనాలు పదింటికి, పిల్లలు అర్ధరాత్రి దాకా వీధిలోనే ఆడుతుంటారు. షహానియా నుంచి వచ్చిన మాకు ఇదేదో సొంత ఊరనిపించింది. కెథెడ్రల్ గంటల గోపురం జిరాల్డా ఒకప్పటి మినారు, పన్నెండో శతాబ్దం నాటిది. అందులో ఎక్కడానికి ఉన్నది మెట్లు కాదు, వాలుదారి. గుర్రమెక్కి పైకి పోయేవారట. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ధైర్యంగా ఎక్కవచ్చు.

సెవిల్ నుంచి కోర్డోబాకు హైస్పీడ్ రైల్లో ముప్పావుగంట. అక్కడి పెద్ద మసీదులోకి ఆదివారం తప్ప మిగతా రోజుల్లో పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా టికెట్టు లేదు. మన కాలపట్టికకు సరిగ్గా సరిపోయిన గంట! ఎటు చూసినా స్తంభాలే, 850కి పైన. పాత రోమన్ కట్టడాల నుంచి ఏరి తెచ్చినవి చాలా ఉన్నాయి. స్తంభాలు చూస్తే పొట్టివి, కప్పు చూస్తే ఎత్తుగా కావాలి. అందుకని కమాను మీద కమాను నిలబెట్టారు, ఎర్రటి ఇటుక ఒక వరస, తెల్లటి రాయి ఒక వరస. పదహారో శతాబ్దంలో దాని నడుమ చర్చి కట్టారు. దేని గొప్ప దానిదే అనుకోవచ్చు గానీ, నాకైతే ఆ చర్చి అక్కడ అడ్డంగానే అనిపించింది. సుమారు 785లో ఈ మసీదు మొదలుపెట్టిన మొదటి అబ్దుర్ రహ్మాన్ సిరియా నుంచి ప్రాణాలు అరచేత పెట్టుకుని పారిపోయి వచ్చినవాడు. తనలాగే సొంత గడ్డకు దూరంగా పెరుగుతున్న ఖర్జూర చెట్టు మీద అతను పద్యం చెప్పాడని ప్రసిద్ధి. అక్కడి నారింజ చెట్ల ముంగిట్లో కూర్చుని మా డబ్బాలో మిగిలిన ఖర్జూరాలు తిన్నాం.

శాకాహారులకు ఒక హెచ్చరిక. కోర్డోబాలో సల్మోరేఖో అని టమాటా, రొట్టె, వెల్లుల్లి రుబ్బి ఆలివ్ నూనె కలిపిన చల్లటి పులుసు ఇస్తారు, ఎండకు ప్రాణం లేచొస్తుంది. కానీ పైన కోడిగుడ్డు, పంది మాంసం తురుము చల్లుతారు. ముందే వద్దని చెప్పాలి.

ఇది అందరి ప్రయాణం కాదని నాకు తెలుసు. షహానియా చుట్టుపక్కల ఒంటెల శాలల్లో, లారీల మీద, ఇళ్ళల్లో పని చేసే మనవాళ్ళు ఎంతమందో. ఖతార్‌లో కనీస మూల వేతనం 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాళ్ళు. ఒక్క మనిషి వీసా రుసుమే మూడొందల యాభైకి పైమాటే. వాళ్ళతో యూరప్ గురించి మాట్లాడితే ఎగతాళి అవుతుంది. వాళ్ళకు కావలసింది ఏటేటా సెలవు, టికెట్టు చేతికందడం. కానీ జీతాలు బాగానే ఉండి, భార్యాభర్తలిద్దరూ ఇక్కడే ఉండి, పదేళ్ళుగా ప్రతి సెలవూ ఊరి పంచాయితీలకే ఖర్చు పెడుతున్న వాళ్ళను మాత్రం అడుగుతున్నాను. ఒక్క ఏడాది పది రోజులు మీ కోసం తీసుకోండి. రోమే కానక్కర్లేదు, రెండు ఊళ్ళు చాలు. మూడో ఊరు పెట్టుకుంటే మధ్యాహ్నం నిద్ర పోతుంది.

వచ్చే వేసవికి అనుకునేవాళ్ళు జనవరిలోనే మొదలుపెట్టండి. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తరవాత కనీసం మూడు నెలలు చెల్లుబాటులో ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఇంకో సంగతి, నేపుల్స్ మ్యూజియానికి మంగళవారం సెలవు. ఆ రోజు పాంపేకు వెళ్ళి, బుధవారం పొద్దున్నే ఆవిడను చూడండి.